సి-18 కాలమ్ గారికి, నైట్ షిఫ్ట్ నుంచి

కాలమ్ గారూ,

నమస్కారం. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్ నుంచి రాత్రి రెండున్నరకు రాస్తున్నాను. మీ ప్రెషర్ నిలకడగా ఉంది, సంతోషం. నాదే పెరుగుతోంది.

మందులో ఉన్నవాటిని విడదీసి చూపించడం మీ ఉద్యోగం. పైకి మీరు పాతిక సెంటీమీటర్ల స్టీలు గొట్టం. లోపల 5 మైక్రాన్ల సిలికా పొడి, ఒంటినిండా రంధ్రాలు. గ్రాము పొడిలో దాదాపు 300 చదరపు మీటర్ల ఉపరితలం, అంటే మన లెక్కలో 360 గజాలు. హైదరాబాద్‌లో నాకు వంద గజాలు కొనే దిక్కు లేదు. మీకేమో గ్రాముకో ప్లాటు!

ఆ ప్లాటు నిండా పుట్టుకతోనే సైలనాల్స్, అంటే సిలికాన్‌కు తగులుకున్న OH గుంపులు. వాటికి నీళ్లంటే ప్రాణం. బూట్ల డబ్బాలో 'తినరాదు' అని రాయించుకుని పడుకునే మీ చుట్టానిదీ అదే బుద్ధి. అలాంటి మీకు క్లోరోసైలేన్ అనే రసాయనంతో 18 కార్బన్ల గొలుసులు తగిలించి, నూనె రాసిన తలలా నీళ్లంటని మనిషిని చేశారు. కానీ గొలుసులు లావు కదా. ఒకటి కూర్చుంటే పక్కదానికి చోటు చాలదు. దాదాపు సగం సైలనాల్స్ అలాగే ఉండిపోతాయి. వాటిని ట్రైమిథైల్ క్లోరోసైలేన్ అనే బుల్లి అణువులతో కప్పి, 'ఎండ్ క్యాప్డ్' అని పెట్టె మీద గొప్పగా అచ్చేశారు. చిరిగిన షామియానాకు తువ్వాలు కట్టినట్టు! సందుల్లో ఇంకా కొందరు నక్కి ఉన్నారు.

ఎలా తెలుసంటారా? ఇవాళ ఎక్కించింది ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు. దాని ఒంట్లో ఒక అమీన్ (సైలనాల్స్‌కు అతుక్కునే నైట్రోజన్ గుంపు) ఉంది. వెళ్లొస్తామని లేచిన చుట్టాలు గేటు దగ్గర గంటసేపు నిలబడ్డట్టు, అది మీ సైలనాల్స్ దగ్గర ఆగిపోయింది. తెర మీద దాని గుర్తుగా లేచే శిఖరం, అంటే పీక్, వెనక బారెడు తోక. ఆ తోక కొలత, టెయిలింగ్, 2.3. రెండు దాటకూడదు.

మీ సైలనాల్స్‌కు ముందే వేరే కాలక్షేపం దొరకాలని మొబైల్ ఫేజ్‌లో, అంటే మీలోంచి పారే ద్రవంలో, ట్రైఇథైల్ అమీన్ కలిపాను. ల్యాబంతా కుళ్లిన చేపల వాసన. పీహెచ్ పెంచుదామా అంటే, 8 దాటితే సిలికా కరగడం మొదలెడుతుంది. తగ్గిద్దామా అంటే, 2 కిందికి వెళ్తే గొలుసులు ఊడతాయి. మా ఇంటికొచ్చిన కొత్తల్లుడు కూడా ఇంత సుకుమారం కాదు.

మందును మళ్లీ ఎక్కించాను. అయిదు ఇంజెక్షన్లు అయ్యాయి, టెయిలింగ్ అన్నిట్లో 1.9. ఆరోది నడుస్తోంది. పీక్ నిటారుగా లేచింది, ఇప్పుడు దిగుతోంది.

ఇంకా దిగుతోంది.

ఇంకా...

ఇట్లు,
మీ అనలిస్ట్