గరికా, మెక్సికనా?

గుంటూరులో, గోరంట్ల వైపు అక్క కట్టుకున్న కొత్త ఇల్లు. వాకిలి ముందు వంద గజాల నల్లరేగడి నేల. మే నెల ఎండకు నెర్రెలిచ్చి, వేలు దూరేంత పగుళ్లు పడింది. బోరు నీళ్లు ఇంటి వాడకానికే చాలవు కాబట్టి లాన్‌కి విడిగా నీళ్లు పెట్టేది లేదని, వాన మీదే బతికే గడ్డి కావాలని అక్క తేల్చి చెప్పింది. తమ్ముడికి అది నచ్చలేదు.

తమ్ముడు: మెక్సికన్ గడ్డి పలకలు తెప్పిస్తానక్కా. పొద్దున పరిస్తే సాయంత్రానికి వాకిలంతా పచ్చగా ఉంటుంది. చిన్నది చెప్పుల్లేకుండా ఆడుకుంటుంది.

అక్క: రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుందో లెక్కేశావా? ఈ ఎండల్లో చదరపు మీటరుకి నాలుగైదు లీటర్లు కావాలి. వంద గజాలంటే ఎనభై మీటర్ల పైమాటే. రోజూ మూడు నాలుగు వందల లీటర్లు! ఐదు వేల లీటర్ల ట్యాంకరు రెండు వారాలకి అయిపోతుంది.

తమ్ముడు: మనకేం వానలు తక్కువా?

అక్క: ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్లు పడతాయి. కానీ దాదాపు అంతా జూన్ నుంచి నవంబరు లోపే. ఆ రోజుల్లో ఏ గడ్డయినా పెరుగుతుంది. తర్వాత జనవరి నుంచి మే దాకా ఎవరూ పట్టించుకోకపోయినా ప్రాణం నిలుపుకునే గడ్డి కావాలి నాకు. అది గరికే.

తమ్ముడు: గరికా! నాన్న ఏళ్ల తరబడి దేంతో పోరాడాడో దాన్నే తెచ్చి నాటుతానంటావా? వేసవి దుక్కులు దున్నించి, కూలీలను పెట్టి వేళ్లు ఏరించి ఎండలో పడేయించేవాడు. అయినా వానలు పడగానే మిరప చేలో మళ్లీ తలెత్తేది. రేపు నీ గులాబీ మొక్కల్లోకి వస్తుంది, గచ్చు పగుళ్లలోకి వస్తుంది. అప్పుడు ఎవరు పీకుతారు?

అక్క: అన్ని దుక్కులకూ చావనిది నా వాకిట్లో చస్తుందా? నేను చెప్పేదీ అదే.

అక్క గునపం తీసుకుని ప్రహరీ పక్కన, ఎప్పుడూ నీళ్లు ఎరగని చోట తవ్వింది. పైన ఆకు నలిపితే పొడైపోయింది. పెళ్ల పగలగొడితే జానెడు లోతున నేలలోనే పాకే తెల్లటి కాండం, సన్నగా, కణుపులు కణుపులుగా ఉంది. గోరుతో గిల్లితే తడి తగిలింది. ఒక కణుపు దగ్గర బియ్యపు గింజ మొనంత మొలక. పైకి ఎండిన ఆ గరిక లోపల బతికే ఉంది. అది చూశాక, పక్కనే నిలబడి ఇద్దరి మాటలూ వింటున్న నా మనసు అక్క వైపే మొగ్గింది.

తమ్ముడు: బతికే ఉంది, సరే. మరి నాలుగైదు నెలలు గోధుమరంగులో పడి ఉంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ఉగాదికి ఇంటి ముందు ఎండుగడ్డి ఏంటని అడగరా?

అక్క: ఎండల్లో ఊరంతా నేల ఎండిపోయే ఉంటుంది. మన వాకిలి కూడా అలా ఉంటే నామోషీ ఏముంది? దాని మీద ఎక్కువ తిరగకుండా, వేసవికి ముందు మరీ పొట్టిగా కోయకుండా రెండంగుళాలు వదిలేస్తే చాలు. మంచి వాన పడిన కొద్ది రోజులకే తేరుకుంటుంది. వినాయక చవితి నాటికి పూజకి కూడా అందులోంచే కోసుకోవచ్చు.

తమ్ముడు: కొరియన్ గడ్డి కూడా ఎండకి ఓర్చుకుంటుందంటారుగా?

అక్క: కొంత ఓర్చుకుంటుంది. కానీ మెల్లగా పాకుతుంది. ఒక చోట చచ్చిందంటే ఆ మచ్చ నిండేసరికి మళ్లీ వేసవి వచ్చేస్తుంది.

తమ్ముడు: మరి ఆ వేపచెట్టు కింద?

అక్క: అక్కడ నువ్వే గెలిచావు. గరికకి నీడ పడదు. చెట్టు కింద గడ్డి వద్దు, రాలిన ఆకులే ఉండనిద్దాం. గులాబీల చుట్టూ నాపరాళ్లు అడుగు లోతున నిలబెట్టిద్దాం. రాళ్ల మీదుగా పాకే తీగలు నెలకోసారి నేనే కోస్తాను. ఇంకోటి కూడా ఇప్పుడే చెబుతున్నా. నాటిన కొత్తలో వాన మొహం చాటేస్తే మూడు వారాలు నీళ్లు పెట్టక తప్పదు. వేళ్లు దిగాకే అది వాన మీద బతుకుతుంది.

తమ్ముడు: ఆ నీళ్లకి ఒప్పుకున్నావుగా, చాలు. ఎప్పుడు నాటాలి?

అక్క: ఆరుద్ర కార్తెలో, నేల బాగా తడిశాక. పిలకలు నాలుగేసి అంగుళాల దూరంలో పెడితే వానాకాలం పోయేలోపు కలిసిపోతాయి. ఈలోగా నువ్వు ఊరెళ్లి, నాన్న చేను గట్టు మీద గరిక చూసిరా. వాన పడ్డాక రెండు గోతాలు తవ్వుకొద్దువుగాని. సన్నాకు ఉన్న చోటే తవ్వు. మట్టి దులిపి వేళ్లు చూడు, తుంగ గడ్డ ఒక్కటి కూడా రాకూడదు.