తేదీకి కాపలా

2024 మొత్తం రోజుకో టపా చొప్పున బ్లాగు రాసి సాహిత్యానికి నేను చేసిన సేవ గురించి ఇప్పటిదాకా ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆలోచనాపరులు ఇలా నోరు మెదపకుండా కూర్చోవడం సమాజానికి మంచిది కాదు. ఇక లాభం లేదని ఆ బాధ్యత కూడా నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందుగా నాకు జరిగిన అన్యాయం. జనవరి 1న నేను ప్రతిజ్ఞ చేసింది 365 టపాలకి. ఫిబ్రవరి నెలాఖరున క్యాలెండర్ చూస్తే 29 అని ఇంకో గడి కనిపించింది. అన్ని ఏళ్లూ వదిలేసి ఏరికోరి లీపు సంవత్సరాన్నే పట్టుకున్నానన్నమాట. సూర్యుణ్ణి చుట్టి రావడానికి 365 రోజులు చాలక పైన ఇంకో ఆరు గంటలు ఎందుకవుతోందో సంజాయిషీ ఇవ్వమని ఆ రోజు టపాలో భూమిని నిలదీశాను. అటునుంచి స్పందన లేదు. (మిగతావాళ్ల నుంచి కూడా లేదనుకోండి. ఆ సంగతికి తర్వాత వస్తాను.)

మొదటి వారం నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. కాలం, మానవ సంబంధాలు, ఒంటరితనం, మృత్యువు, ఒక్కోదానికి ఒక్కో రోజు. మృత్యువు మూడున్నర పేరాల్లో అయిపోయింది. ఎనిమిదో రోజు కూర్చుంటే విశ్వంలో ఇంకేమీ మిగల్లేదు. నా కుర్చీ గురించి రాశాను. తొమ్మిదో రోజు అదే కుర్చీ, వెనక నుంచి. గిట్టనివాళ్లు దీన్ని ఆరంభశూరత్వం అంటారు. సూక్ష్మ పరిశీలన అనాలి.

21 రోజులు ఓపిక పడితే ఏ పనైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. ఈ 21 అనే అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ పుణ్యమా అని లోకం మీద పడింది. ఆపరేషన్ అయ్యాక అద్దంలో తన కొత్త మొహానికి మనిషి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. నోటా నోటా తిరిగేసరికి ఆ 'కనీసం' దారిలో ఎక్కడో రాలిపోయింది. ముక్కు లెక్క తెచ్చి బ్లాగుకి తగిలిస్తే ఏమవుతుంది? 22వ రోజు పొద్దున్నే లేచి తడుముకున్నాను. ముక్కు ఉంది, అలవాటు లేదు.

తర్వాత యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు గమనించి, ఆ తీరును బట్టి ముందుకి అంచనా కట్టి, అలవాటు కుదరడానికి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని, మధ్యస్థంగా 66 అని 2009లో తేల్చారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదని కూడా వాళ్లే చెప్పారు. ఈ రెండో ముక్క నాకు డిసెంబరులో తెలిసింది. కావాలనే నా దగ్గర దాచారని నా అనుమానం.

ఎందుకంటే ఒక్క రోజు తప్పకూడదన్న పట్టుదలే నన్ను ఈ స్థితికి తెచ్చింది. నా సృజనాత్మకత సరిగ్గా రాత్రి 11:40కి నిద్ర లేస్తుంది. తెర మీద లేత బూడిద రంగులో 'శీర్షిక' అన్న మాట, దాని పక్కన కొట్టుకుంటున్న కర్సర్. దానికి నా మీద జాలో, అసహ్యమో ఏడాదైనా అర్థం కాలేదు. మే నెలలో ఒక రాత్రి 11:58కి పబ్లిష్ నొక్కితే నెట్ ఆగిపోయి, చక్రం తిరుగుతూ తిరుగుతూ 12:03కి నిలబడింది. టపా మీద మర్నాటి తేదీ పడింది! 130 రోజుల తపస్సు అయిదు నిమిషాల్లో గంగపాలు. చెమటలు పట్టిన చేత్తో సెట్టింగ్స్ తెరిచాను. అందులో టైమ్ జోన్ అని ఒకటుంది. హవాయి అని పెట్టాను. అక్కడ ఇంకా నిన్నే నడుస్తోంది. హాయిగా పడుకున్నాను.

ఆ రాత్రి నుంచి మనిషిని ఇక్కడ, బ్లాగు హవాయిలో. కొన్నాళ్లకి ఆ శ్రమ కూడా అక్కర్లేదని తెలిసింది. టపా ఏ రోజున రాసినట్టు కనపడాలో మనమే చెప్పొచ్చు, తేదీ మీద నొక్కి అంకె మారిస్తే చాలు. ఆగస్టు అంతా ఆదివారాల్లో రాశాను.

ఇది మోసం కదా అని అడిగేవాళ్లకి సమోవా దేశం గురించి చెబుతాను. 2011 డిసెంబరు 29, గురువారం రాత్రి పడుకున్న అక్కడి జనం లేచేసరికి శనివారం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉంటుందని దేశమంతా తేదీ మారే దినరేఖకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగింది. 30వ తేదీ శుక్రవారాన్ని క్యాలెండర్లోంచి ఎత్తేశారు. ఒక ప్రభుత్వం ఒక పూర్తి శుక్రవారాన్ని మింగేస్తే దౌత్యం, నేను ఒక అర్ధగంట వెనక్కి జరిపితే నేరమా? ఆ ఏడాది సమోవాలో ఎవరైనా రోజుకో టపా రాసి ఉంటే, 364తో ఒడ్డున పడేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పెద్దవాళ్లు కూడా ఇదే చేశారు. శామ్యూల్ పీప్స్ అనే ఇంగ్లీషాయన 1660 జనవరి 1న డైరీ మొదలుపెట్టి, 1669 మే 31న కళ్లు పోతాయన్న భయంతో ఆపాడు. తొమ్మిదేళ్ల పైచిలుకు! ఆయన కూడా ఏ రోజుది ఆ రోజే రాసేవాడు కాదు. చిత్తు కాగితాల మీద గీసుకుని, తీరిక దొరికినప్పుడు నాలుగైదు రోజులవి కలిపి ఎక్కించేవాడు. పైగా ఇంట్లోవాళ్లు చదవకుండా షార్ట్‌హ్యాండులో రాశాడు. నేను అచ్చ తెలుగులో, అందరికీ కనపడేలా రాసి అదే గోప్యత సాధించాను.

ఇక గృహస్థ జీవితం. జులైలో ఒక రాత్రి మా ఆవిడకి జ్వరం వచ్చింది. థర్మామీటర్ 101 చూపించింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ రోజుకి విషయం దొరికినందుకు. ఫొటో తీయబోతే లైటు పడి అంకె కనపడ్డం లేదు.

"ఏమండీ, మళ్లీ పెట్టుకోనా?" అంది నీరసంగా.

"వద్దులే, కాస్త ఇటు తిప్పి పట్టుకో, చాలు" అన్నాను.

'జ్వరం: కొన్ని ఆలోచనలు' 11:51కల్లా పెట్టేశాను. మర్నాటికి జ్వరం దిగిపోయింది. "తగ్గిపోయిందండీ, ఇవాళ మీకు ఇబ్బందేనేమో" అంది. ఆ మాట కూడా టపాలో పెట్టేశాను.

పోస్టుకి 'టపా' అన్న మాట ఎంచుకున్న తొలితరం తెలుగు బ్లాగర్ల ముందుచూపుకి నమస్కారం. టపా కట్టడమంటే తెలుగులో ఇంకో అర్థం ఉందని వాళ్లకి తెలియకపోదు. సెప్టెంబరు నాటికి నేను రోజూ రెండర్థాల్లోనూ కడుతున్నాను.

పాఠకుల విషయానికొస్తే, రోజుకి నలుగురు. ఒకటి నా ఫోను, ఒకటి నా లాప్‌టాప్, ఇంకోటి ఏదో సెర్చ్ ఇంజిన్ పంపే మర. ఆ నాలుగో మనిషి కోసమే ఏడాదంతా రాశాను. పండగలకి శుభాకాంక్షలు కూడా చెప్పాను. నవంబరులో తేలింది, అది ఆఫీసులో నా కంప్యూటరట. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం తెర మీద కనపడగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. కంపెనీ ఉరుకులు పరుగుల మీద అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. ఒక్క అక్షరం చేసిన పని అది. 'అజ్ఞానం' మీదే మూడు టపాలు రాసినా నా వల్ల ఒక్క ఫోనూ వేడెక్కలేదు.

డిసెంబరు 30న కూర్చుని అన్నీ లెక్క తీశాను. 83 టపాల్లో 'ఇవాళ ఏం రాయాలో తోచడం లేదు' అన్న వాక్యం ఉంది. 41 టపాల్లో నన్ను నేను అభినందించుకున్నాను, 99వ రోజని ఒకసారి, 100వ రోజని ఒకసారి, 101 శుభసంఖ్య అని ఒకసారి. 112వ టపా, 240వ టపా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. రాసినవాడికే గుర్తులేనప్పుడు చదివేవాళ్లని అనడం ధర్మం కాదు. మమ అనిపించినవి ఎన్నో లెక్క మధ్యలో ఆపేశాను.

ఏ తొమ్మిదో మాత్రం చదువుతుంటే సిగ్గు వేయలేదు. ఒకటి నాన్న ఉత్తరాల గురించి. కాగితం అయిపోతున్న కొద్దీ ఆయన అక్షరాలు చిన్నవవుతూ, ఆఖరి రెండు వాక్యాలు అంచు వెంబడి పైకి ఎక్కేవి. చెప్పాల్సిన అసలు సంగతి ఎప్పుడూ ఆ అంచు మీదే ఉండేది. అది ఏ రోజుదా అని తేదీ చూశాను. మార్చిన తేదీ. ఎప్పుడు రాశానో ఇక నాకు కూడా తెలిసే దారి లేదు.

31న చివరి టపా పెట్టాను. చప్పట్లు కొట్టుకున్నాను.

జనవరి 2 రాత్రి 11:40కి దానంతటదే మెలకువ వచ్చింది. లేచి కూర్చుని, ఎవరూ అడక్కుండా, నాన్న రాసిన ఆ అంచు వాక్యాల గురించి ఇంకో రెండు పేజీలు రాశాను. తలెత్తితే గడియారం 12:20. మా ఆవిడ దుప్పట్లోంచే, "ఛాలెంజ్ అయిపోయిందిగా, ఇంకా ఏం చేస్తున్నారండీ?" అంది.

"పడుకో, అయిపోయింది" అని, తేదీ మీద నొక్కి 3ని 2 చేశాను.