తప్పక చదవాల్సినవి, తప్పక తిరిగొచ్చేవి

తిరుపతిలో మా వీధి గ్రంథాలయం గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన దాని మీద సుద్దముక్కతో 'ఈ నెల తప్పక చదవాల్సిన పుస్తకాలు' అని రాస్తారు. రెండేళ్లుగా ఆ జాబితాను నియమంగా పాటిస్తున్నాను. దాంతో నాకిప్పుడు తేనెటీగల పెంపకమూ, ఎప్పుడో రద్దయిన పన్ను నిబంధనలూ బాగానే తెలుసు.

ఇక్కడున్నవన్నీ దాతలు ఇచ్చిన పుస్తకాలే. దానాలకు సీజను భోగి ముందు వారం. మంటలో వేయడానికి చేతులు రావు (సరస్వతి కదా, కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటాం). ఇంట్లో చోటుండదు. గోనెసంచిలో కట్టి తెచ్చి దించేసి పోతారు.

ఈమధ్య వరసగా మూడు నెలలు బోర్డెక్కింది ఒక జనరల్ నాలెడ్జి గైడు. అట్ట మీద టీ గ్లాసు మరక, గుండ్రంగా. లోపల మన రాష్ట్రానికి 23 జిల్లాలు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి మనం 2022 ఏప్రిల్ 4న వేరు కాపురం పెట్టిన సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు. గ్రూప్-2కు చదివే కుర్రాడు ఒకడు పొద్దున తీసుకుపోయి సాయంత్రానికే తెచ్చిచ్చేశాడు. మరుసటి నెల బోర్డు మీద మళ్లీ అదే.

ఉండబట్టలేక గ్రంథాలయం చూసుకునే పెద్దాయన్ని అడిగాను.

"మంచి పుస్తకం పేరు బోర్డు మీద రాస్తే ఎవురో ఒకరు ఎత్తుకోని పోతారు సామీ. మళ్లా యాడొస్తాది? ఇదైతే సాయంత్రానికి వచ్చేస్తాది."

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు ఇచ్చారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్నారు. లెక్కల మాస్టారై ఉండి కూడా, పోయిన పుస్తకం తిరిగొచ్చే సూత్రం ఆ ఐదింట్లో పెట్టలేదు. ఆ లోటు మా పెద్దాయన పూడ్చారు.

మంచి పుస్తకాలకు వేరే ఏర్పాటు ఉంది. అద్దాల బీరువా, దానికి తాళం, తాళంచెవి ఆయన జేబులో. మధురాంతకం రాజారాం కథలు అందులోనే ఉన్నాయి. బడిపంతులుగా పనిచేస్తూ ఈ పల్లెల మనుషుల గురించే వందల కథలు రాసి, సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాయన. ఆయన మనుషులు అద్దం వెనక నిలబడి మమ్మల్ని చూస్తుంటారు. మేం ఇవతల తేనెటీగల గురించి చదువుకుంటుంటాం.

చెప్పిన పుస్తకమల్లా చదివి, గడువుకు ముందే తెచ్చిచ్చిన నా రెండేళ్ల సేవకు ఆయన మనసు కరిగింది. "నువ్వయితే నమ్మకస్తుడివి" అంటూ అటూ ఇటూ చూసి తాళం తీశారు. పాత క్యాలెండరు కాగితంతో అట్టేసి మరీ చేతికిచ్చారు.

ఆర్నెల్లయింది. మొన్న కూరగాయల మార్కెట్లో ఆయన ఎదురైతే టమాటాల గుట్ట చాటున కాసేపు నిలబడ్డాను. పుస్తకం భద్రంగానే ఉంది. బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు కాబట్టి, తిరిగివ్వాలనే నిబంధన దానికి వర్తించదని నా అభిప్రాయం.