టిఫాలో సర్విక్స్‌ను లోపలి స్కాన్‌తోనే కొలవాలి

ఐదో నెలలో టిఫా (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే) స్కాన్ రిపోర్టు చేతికి రాగానే అందరూ చూసేది బిడ్డ గుండె, వెన్నెముక, బరువు. కింద ఎక్కడో 'సర్విక్స్ 3.4 సెం.మీ., మూసుకునే ఉంది' అని ఒక లైను ఉంటుంది. సర్విక్స్ అంటే గర్భసంచి ముఖద్వారం. ఆ కొలత పొట్ట మీద నుంచి తీశారా, లోపలి నుంచి తీశారా అన్నది చాలాసార్లు రాయరు. నా అభ్యంతరం అక్కడే.

నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని వచ్చిన మనిషికి పొట్ట మీద నుంచి చూస్తే, నిండిన మూత్రాశయం ఒత్తిడికి సర్విక్స్ ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. కురచగా ఉన్నది కూడా మామూలుగానే ఉన్నట్టు లెక్కలోకి వెళ్లిపోవచ్చు. నమ్మదగిన కొలత ట్రాన్స్‌వజైనల్ స్కాన్‌దే, అంటే యోనిలో నుంచి చేసే లోపలి స్కాన్‌దే. మూత్రానికి వెళ్లి వచ్చాక, తొడుగు వేసిన ప్రోబ్‌ను (స్కాన్ పరికరాన్ని) నొక్కకుండా పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. చూస్తుండగానే లోపలి ద్వారం గరాటులా తెరుచుకుని, పొడవు తగ్గిపోవచ్చు. అందుకే మూడుసార్లు కొలిచి, వాటిలో తక్కువది రాయాలి. ప్రోబ్ లోపల పెడితే బిడ్డకేమవుతుందో అని టెన్షన్ పడే వాళ్లు ఎక్కువ. ఏమీ కాదు.

24 వారాల లోపు 25 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ వస్తే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. చేయగలిగింది ఉంది కాబట్టే ఈ కొలతకు విలువ. 2007లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో సర్విక్స్ 15 మి.మీ. దాటని వాళ్లకు రోజూ రాత్రి 200 మి.గ్రా. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మందును యోనిలో పెట్టుకోమని ఇచ్చారు. 34 వారాల లోపు కాన్పులు 34.4 శాతం నుంచి 19.2 శాతానికి తగ్గాయి. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయిన వాళ్లకైతే సర్విక్స్‌కు వేసే కుట్టు కూడా అక్కరకొస్తుంది. వాళ్లు టిఫా దాకా ఆగకూడదు, 16వ వారం నుంచే కొలిపించుకోవాలి. మన ఇళ్లలో మాత్రం మొదట గుర్తొచ్చేది బెడ్ రెస్ట్. నెలల తరబడి మంచం దిగకుండా ఉంటే కాన్పు ఆగుతుందని ఇంతవరకూ రుజువు కాలేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం లోపలి స్కాన్‌ను అందరికీ తప్పనిసరి చేయలేదు. ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సంఘం ఫిగో మాత్రం అందరికీ చేయమంటోంది. నేను ఫిగో వైపే. 2020లో ప్రపంచంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఐదో వంతుకు పైగా, అంటే దాదాపు 30 లక్షల మంది, మన దేశంలోనే పుట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2022లో 44 ప్రభుత్వ ఆసుపత్రులకు 56 టిఫా యంత్రాలు ఇచ్చింది. కానీ బయట వరస పెరుగుతుంటే, ఒక్కో మనిషికి ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వడం స్కాన్ చేసే డాక్టర్‌కు కష్టమే. ఆ ఐదు నిమిషాల కోసం అదనపు సిబ్బందిని ప్రభుత్వమే ఇవ్వాలి. పక్కన ఒక నర్సమ్మ ఉండి, ఏం చేస్తారో ముందే చెబితే సిగ్గుతో వద్దనే వాళ్లూ తగ్గుతారు. రిపోర్టులో మాత్రం 'లోపలి స్కాన్, మూత్రాశయం ఖాళీ' అన్న మాటలు రేపటి నుంచే రాయొచ్చు. దానికి బడ్జెట్ అక్కర్లేదు.