"ఎమ్మార్పీ లోపే కదా మేడమ్" అన్న మాటకు నా జవాబు

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన ఓ మెసేజ్ పెట్టారు. కరోనా రోజుల్లో జనాన్ని దోచుకున్నది వీధి చివర కిరాణా కొట్లేనట. సూపర్ మార్కెట్లు మాత్రం ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదట. పది పన్నెండు మంది అవునవునన్నారు. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో సరూర్‌నగర్. 2020లో నేనొక చిన్న ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనది క్యాబ్. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. మార్చి జీతం సగమే వచ్చింది, ఏప్రిల్‌ది రాలేదు. బండి ఇంటి ముందే ఆగిపోయింది. ఇవన్నీ జాలి కోసం చెప్పడం లేదు. కిలో పప్పు మీద ఇరవై రూపాయలు పెరిగితే ఏమవుతుందిలే అనుకునే ఇళ్లు వేరు, ఆ ఇరవై రూపాయలతో పాల ప్యాకెట్ తెచ్చుకునే ఇళ్లు వేరు. ఆ ఏడాది మేం రెండో రకం.

మా అత్తమ్మకు ఖర్చుల పుస్తకం రాసే అలవాటు. ఏ రోజు ఏం కొన్నామో, ఎంతకు కొన్నామో బాల్ పెన్నుతో ఒక్కో గీత కింద రాసుకుంటారు. నేను కూడా ఆ రోజుల బిల్లులన్నీ ఒక కవర్లో దాచాను. మొన్న ఆ కవర్ తీసి చూస్తే బిల్లుల మీద ఒక్క అక్షరం లేదు. అవి వేడికి అచ్చు పడే కాగితాలు, కొన్నాళ్లకు తెల్లబడిపోతాయి. అత్తమ్మ రాసినవి మాత్రం చెక్కు చెదరలేదు. అందులోంచే చెబుతున్నాను.

2020 మార్చి 8, ఆదివారం. మేం ఎప్పుడూ వెళ్లే సూపర్ మార్కెట్‌లో కందిపప్పు కిలో 94, మినపగుళ్లు 112, సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్ 98. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ అని ప్రకటించారు. తెల్లవారి సోమవారం నేను అదే షాపుకు వెళ్లాను. కందిపప్పు 118, మినపగుళ్లు 140, నూనె 125. ఏప్రిల్ 11న కందిపప్పు 126. మార్చిలో నెల సామానుకు 2,150 అయింది. ఏప్రిల్‌లో అవే సరుకులు, అవే తూకాలు, 2,780 అయింది.

ఆ సోమవారం గంటకు పైగా ఎండలో నిలబడి లోపలికి వెళ్లాను. కౌంటర్ దగ్గర బిల్లు చూసి, నూనె రేటు తప్పు పడిందేమో అని అడిగాను. మేనేజర్ వచ్చాడు. చిన్న కుర్రాడు, మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎమ్మార్పీ లోపే కదా మేడమ్. ఆఫర్ అయిపోయింది" అన్నాడు. మరి పప్పు సంగతేంటి అంటే, "రేట్లు మేం పెట్టం మేడమ్, సిస్టమ్‌లో వస్తాయి" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అక్కడి పిల్లలు పాసులు పట్టుకుని, పోలీసులకు చూపించుకుంటూ, అందరూ భయంతో తలుపులేసుకున్న రోజుల్లో డ్యూటీకి వచ్చారు. రేటు పెట్టినవాళ్లు ఆ షాపులో లేరు. అడగడానికి నాకు వాళ్ల మొహం కూడా తెలియదు.

ఇప్పుడు ఆ "ఎమ్మార్పీ లోపే" అన్న మాట దగ్గరికి వస్తాను. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ప్యాకెట్ మీద గరిష్ఠ ధర ముద్రించాలి, అంతకు మించి అమ్మకూడదు. మంచి నిబంధనే. లాక్‌డౌన్‌లోనే మా పక్క వీధి కొట్టులో 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ 15 అన్నారు. ప్యాకెట్ తిప్పి అంకె చూపించి గట్టిగా అడిగితే పదే తీసుకున్నారు. అచ్చులో అంకె ఉంది కాబట్టి అడగగలిగాను.

సూపర్ మార్కెట్‌లో ఆ అంకె నాకు ఎందుకూ పనికిరాలేదు. ఎందుకంటే అక్కడ మామూలు రోజుల్లో ఎమ్మార్పీకి అమ్మేవి చాలా తక్కువ. కంపెనీల దగ్గర ఒకేసారి లారీల కొద్దీ కొంటారు కాబట్టి వాళ్లకు తక్కువకు పడుతుంది, మనకూ తగ్గించి ఇస్తారు. 125 అచ్చు వేసిన నూనె 98కి వస్తుందనే మనం వాళ్ల దగ్గరికి వెళతాం, నెల ఖర్చు కూడా ఆ 98 మీదే వేసుకుంటాం. ఒక రాత్రిలో ఆ 98 తీసేసి 125 పెడితే ప్యాకెట్‌కు 27 రూపాయలు నా చేతిలోంచి పోయాయి. చట్టం దృష్టిలో మాత్రం ఏమీ జరగలేదు. ఇక విడి పప్పులకు ఎమ్మార్పీ అన్నదే ఉండదు. డబ్బా మీద గుచ్చిన ప్లాస్టిక్ కార్డే రేటు. ఆ వారం ఆ కార్డులు తీసేశారు. రేటు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. వెనకాల యాభై మంది నిలబడి ఉండగా, మళ్లీ రేపు దొరుకుతుందో లేదో తెలియని రోజున, పప్పు వెనక్కి పెట్టేసి వచ్చే ధైర్యం ఎవరికుంటుంది? షాపువాళ్లే సొంతంగా కవర్లలో కట్టి అమ్మే పప్పులు, రవ్వలు ఇంకో రకం. వాటి మీద ఎమ్మార్పీ అచ్చు వేసేదే వాళ్లు. కొత్త కవర్, కొత్త అంకె.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మామూలు రోజుల్లో సూపర్ మార్కెట్ రేటును అదుపులో పెట్టేది ఎమ్మార్పీ కాదు, పక్కనున్న ఇంకో షాపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కువ చెబితే కొత్తపేటకు పోతాం, అక్కడా నచ్చకపోతే మలక్‌పేట గంజ్‌కు పోయి ఉల్లిగడ్డ, ఎండు మిర్చి తెచ్చుకుంటాం. 2020లో ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటొద్దన్నారు. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్ పెట్టి మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకానే వదిలారు. ఆ నాలుగు గంటల్లో ఒక్క షాపు లైన్లో నిలబడి బయటపడడమే గగనం. జబ్బు పాకకుండా ఉండడానికి ఆ నిబంధనలు కావాలి, నేను కాదనను. కానీ నాలుగు కొట్లు తిరిగి రేటు చూసుకునే వీలు మన దగ్గర్నుంచి తీసుకున్నప్పుడు, దాని బదులు ఇంకో రక్షణ ఇవ్వాలి కదా. అదెవరూ ఇవ్వలేదు.

కిరాణా కొట్ల గురించి కూడా చెప్పాలి. మా వీధి సేటు కూడా కందిపప్పు పెంచాడు, 98 నుంచి 115కు. ఏంటన్నా ఇది అని అడిగితే బేగంబజార్ హోల్‌సేల్ బిల్లు తీసి చేతిలో పెట్టాడు. "చూడండి టీచరమ్మా, బస్తా మీదనే ఇంత పెరిగింది. హమాలీలు ఊళ్లకు పోయిండ్రు. ట్రాలీ ఆటోకు డబుల్ ఇచ్చి తెచ్చిన" అన్నాడు. కొట్టు ముందు పలక మీద రేట్లు సుద్దముక్కతో రాసి పెట్టాడు. మే నెలాఖరుకు మాకు 3,400 ఖాతా పడింది, ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. అందరు సేట్లూ ఇలాంటివాళ్లని అనను, బిస్కెట్ ప్యాకెట్ సంగతి చెప్పాను కదా. కానీ పెరిగితే ఎందుకు పెరిగిందో కాగితం చూపించిన మనిషిని దొంగల లెక్కలో కలిపేసి, కార్డులు దాచేసినవాళ్లకు మంచి సర్టిఫికెట్ ఇవ్వడం నాకు కష్టంగా ఉంది.

పెరిగిన ప్రతి ధరనూ నేను దోపిడీ అనడం లేదు. చికెన్ సంగతి గుర్తుందా? కోడి తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి రేటు పడిపోయింది. 2020 ఫిబ్రవరి 28న నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో చికెన్ మేళా పెట్టి, మంత్రులు స్టేజీ మీద తిని చూపించారు. అప్పటికే కోళ్ల రైతులు నష్టపోయి కొత్త పిల్లల్ని వేయడం తగ్గించారు. బ్రాయిలర్ కోడి చేతికి రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. అందుకే తర్వాత రేటు ఎగిరింది. మేం రెండు నెలలు చికెన్ మానేశాం, ఎవర్నీ తిట్టలేదు. 2021లో నూనె కూడా అంతే. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి వస్తుంది, సన్‌ఫ్లవర్ అప్పట్లో ఎక్కువగా ఉక్రెయిన్ నుంచి వచ్చేది. అక్కడ పెరిగితే ఇక్కడ పెరుగుతుంది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. నాకూ వచ్చాయి. ఆ రెండు వేలల్లో మూడు నూనె ప్యాకెట్లకే 525 పోయాయి. కష్టమే, కానీ దానికి కారణం కనిపిస్తోంది. పెరిగేటప్పుడు వారం తిరక్కుండా పెరిగిన నూనె, తగ్గేటప్పుడు మాత్రం నెలలు పట్టింది. 2022 జూలైలో కేంద్రమే కల్పించుకుని లీటరుకు 15 రూపాయలు తగ్గించమని చెప్పాల్సి వచ్చింది. ఇది మాత్రం నాకు మింగుడు పడదు.

మార్చి 23 నాటి పప్పు అలాంటిది కాదు. ముందు రోజు సాయంత్రం ప్రకటన వచ్చింది, పొద్దున్నే రేటు మారింది. రాత్రికి రాత్రి ఏ లారీ ఆగింది, ఏ హమాలీ ఊరికి పోయాడు? ఆ డబ్బాలో ఉన్నది పాత రేటుకు తెచ్చిన పప్పే.

అప్పుడు ప్రభుత్వం ఏమీ చేయలేదని కూడా అనలేను. ధరలు పెంచితే పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) పెడతామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హెచ్చరించారు. కాలనీలకు సంచార రైతు బజార్ల బళ్లు వచ్చాయి. అక్టోబరులో వరదల తర్వాత ఉల్లిగడ్డ మండిపోతే రైతు బజార్లలో కిలో 35కు, మనిషికి 2 కిలోల చొప్పున ఇచ్చారు. అత్తమ్మ, నేను చెరో లైన్లో నిలబడ్డాం. శానిటైజర్ విషయంలో కేంద్రం ఇంకా గట్టిగా చేసింది. 2020 మార్చి 13న దాన్ని నిత్యావసర వస్తువుల చట్టం కిందికి తెచ్చారు, 21న 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలు దాటకూడదన్నారు. మిగతా సైజులు కూడా అదే లెక్కన. అంతకు వారం ముందే నేను ఒక మందుల షాపులో 100 మిల్లీలీటర్ల సీసా 150 పెట్టి కొన్నాను, ఆ లెక్కన అది 50కి రావాలి. అంటే, కావాలనుకుంటే ఎనిమిది రోజుల్లో చేయగలరు. చేతులకు రాసుకునేదానికి చేసింది, కడుపుకు తినేదానికి ఎందుకు చేయలేదు?

పైగా ఆ జూన్‌లోనే ఆర్డినెన్స్‌తో నిత్యావసర చట్టాన్ని సడలించారు. పప్పులు, నూనెల లాంటి వాటికి ధర 50 శాతం పెరిగితేనే నిల్వల మీద పరిమితి పెట్టవచ్చన్నారు. నా లెక్కల టీచర్ బుర్రకు వెంటనే తోచింది: 94 ఉన్న పప్పు 141 అయ్యేదాకా అంతా మామూలే అన్నమాట. తర్వాత రైతు చట్టాలతో పాటు 2021 నవంబరులో దాన్నీ రద్దు చేశారు. కానీ అంత కరువు రోజుల్లో ఆ ఆలోచన వచ్చినందుకే నాకు బాధ.

రేటుకు కళ్లెం వేస్తే సరుకు దొరకదని మా తమ్ముడు వాదిస్తాడు, కామర్స్ చదివాడు. శానిటైజర్ కొన్నాళ్లు దొరకని మాట నిజమే. సబ్బుతో కడుక్కున్నాం. తర్వాత డిస్టిలరీలకు, చక్కెర మిల్లులకు అనుమతులిచ్చారు, సీసాలు వచ్చేశాయి. రేటు పెరిగితే జనం అవసరానికి మించి కొనరని కూడా అంటాడు. ఆ సోమవారం నేను కళ్లారా చూశాను. కారు డిక్కీ నిండా నింపుకునేవాళ్లు నింపుకుంటూనే ఉన్నారు. నా ముందు నిలబడ్డ వాచ్‌మన్ భార్య చేతిలో రెండు వందల నోటు ఉంది. బిల్లు చూసి కిలో పప్పును అరకిలో చేయించుకుంది. పెరిగిన రేటు ఆపింది ఆమెను ఒక్కదాన్నే.

నేను అడిగేది పెద్దదేం కాదు. మళ్లీ ఎప్పుడైనా ఇలా జనాన్ని ఇళ్లలో ఉండమనాల్సి వస్తే, ఆ ప్రకటనకు ముందు వారం పప్పు, నూనె, ఉప్పు, పిండి, పాలకు షాపు తీసుకున్న రేటే హద్దు కావాలి. అచ్చు వేసిన రేటు కాదు, నిజంగా బిల్లు వేసిన రేటు. కంప్యూటర్లలో అది రోజువారీగా ఉంటుంది, ఎవరూ కష్టపడి వెతకక్కర్లేదు. దాని మీద పెంచాలంటే మా సేటు చూపించినట్టు కొనుగోలు బిల్లు చూపించాలి. రెండోది, రేట్ల బోర్డు. రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే బోర్డు మీద రేట్లు పెడుతున్నారు. ఏసీలు, కెమెరాలు పెట్టుకున్న షాపులకు గుమ్మం దగ్గర పది సరుకుల రేట్లు రాయడం భారమా?

ఈ మాటే నిన్న ఆ సూపర్ మార్కెట్‌లో అడిగాను. మేనేజర్ మారాడు. విడి పప్పుల డబ్బాల్లో రెండింటికి ఇప్పటికీ కార్డు లేదు. "స్కాన్ చేస్తే వస్తుంది మేడమ్" అన్నాడు. ఫిర్యాదు పుస్తకం తెప్పించుకుని తేదీ వేసి, కార్డు లేని డబ్బాల పేర్లు రాసి వచ్చాను.

గ్రూపులో రాసిన పెద్దాయనకు అత్తమ్మ పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపాను. చాలాసేపటికి జవాబిచ్చారు. తమ ఇంట్లో కూడా ఆ ఏప్రిల్ బిల్లులు ఎక్కడో ఉండాలమ్మా, వెతికి చూస్తానన్నారు. వెతకండి గానీ, వాటి మీద అక్షరాలు మిగిలి ఉండవండీ అని చెప్పాను.