మోతకు తగ్గ చేప

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఓడ ఎక్కిన మనిషే బండిగా మారి, ఆ ఓడను నెత్తిన పెట్టుకుని అడవిలో నడుస్తాడని, ఆ భాగ్యం కోసం నెలల ముందే రుసుము కట్టి అనుమతి తెచ్చుకుంటాడని మాత్రం వారు ఊహించి ఉండరు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దును ఆనుకుని బౌండరీ వాటర్స్ అనే అరణ్యం ఉంది. పది లక్షల ఎకరాలకు పైమాటే. అందులో వెయ్యికి పైగా సరస్సులు. మంచుయుగంలో హిమానీనదాలు రాతినేలను గోకి వదిలిన గుంటలవి. సరస్సుకూ సరస్సుకూ మధ్య రోడ్డు లేదు. చాలా చోట్ల మోటారు పడవకు అనుమతి లేదు. కనూ అనే సన్నని పడవలో తెడ్డు వేసుకుంటూ పోవాలి. నీరు అయిపోయిన చోట దిగి, అప్పటిదాకా మనను మోసిన పడవను మనం మోసి, గట్టు దాటించి, అవతలి నీటిలో దింపాలి. ఈ దారిని పోర్టేజ్ అంటారు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. నేను మోత అనే అంటాను, ఆ మాటలో దాపరికం లేదు.

ఏ మోత దారిన పోవాలి, ఏ నీటిలో గాలం వేయాలి అన్న మహత్తర విషయం మీద తెలుగులో ఇంతవరకు ఒక్క శాస్త్రగ్రంథమూ రాకపోవడం మన జాతి చేసుకున్న దురదృష్టం. ఆ లోటు తీర్చే బాధ్యతను మినియాపోలిస్‌లో ఉండే మా బావగారు స్వీకరించారు. నేను కేవలం వ్యాఖ్యాతను.

ముందుగా కొలమానం. ఇక్కడి మోత దారులను మైళ్లలో కొలవరు, మీటర్లలో కొలవరు, రాడ్లలో కొలుస్తారు. మొదటిసారి వినగానే గాలం కర్ర అనుకున్నాను. కాదు, పాతకాలపు ఇంగ్లండు సర్వేయర్ల కొలత. ఒక రాడ్డు 16.5 అడుగులు, అంటే మన మూడు బారలకు కాస్త తక్కువ. 320 రాడ్లు ఒక మైలు. పడవ పొడవు కూడా ఇంచుమించు ఒక రాడ్డే కాబట్టి ఈ కొలత సౌకర్యంగా ఉంటుందని అభిమానులు అంటారు. అసలు సౌకర్యం వేరే ఉంది. అర మైలుకు పైగా మోయాలి అంటే ఇంట్లో ఒప్పుకోరు. 180 రాడ్లు అంటే అదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి ఒప్పుకుంటారు.

ఇక సిద్ధాంతం. బావగారి మాటల్లో అది రెండే మాటలు: కష్టే ఫలి. మోత ఎంత పొడవో చేప అంత పెద్దది. 50 రాడ్ల లోపు మోతతో చేరే సరస్సులో చేపలు ఉన్నా వాటికి ఆత్మగౌరవం ఉండదు. 100 దాటితే ఫోటో తీయదగ్గ చేప. 200 దాటితే బంధువులకు పంపదగ్గ చేప. దూరం పోయేవారు తక్కువ, తక్కువ మంది పోయే చోట గాలాలు తక్కువ, గాలాలు తక్కువైన చోట చేపలు ఎక్కువ. తర్కంలో దోషం లేదు. ఈ తర్కం తెలిసినవాళ్లంతా ఆ దూరపు సరస్సు దగ్గరే ఉంటారన్నది చిన్న ఆచరణ సమస్య. పైగా విడిది చోట్లను ముందుగా కేటాయించుకునే వీలు లేదు, ముందు వచ్చినవారిదే చోటు. అందువల్ల జనమంతా మొదటి సరస్సును బస్టాండులా దాటేసి, మధ్యాహ్నం లోపు చిట్టచివరి సరస్సులో తువ్వాలు పరచడానికి పరుగెత్తుతారు. ఏకాంతం కోసం ఇంత తొక్కిసలాట నేను మరెక్కడా చూడలేదు.

ఏర్పాట్లు జనవరిలో మొదలవుతాయి. మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒక్కో ప్రవేశ ద్వారం నుంచి రోజుకు ఇన్ని బృందాలనే లెక్క ఉంది. జనవరి చివర్లో ఒక ఉదయం ఆ అనుమతులు తెరుస్తారు. తిరుమల దర్శనం టికెట్లు విడుదల చేసే రోజు మన ఇళ్లలో ఎలా ఉంటుందో ఆ ఉదయం బావగారి ఇంట్లో అలా ఉంది. బయట సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలి. లోపల మూడు కంప్యూటర్లు, రెండు ఫోన్లు, భోజనాల బల్ల మీద పరిచిన మ్యాపు. ఆ మ్యాపు మీద అప్పటికే ఎర్ర గీతలు, నీలం గీతలు, ఒక కాఫీ మరక. ఆ మరక ఉన్న చోట ఒక మంచి సరస్సు ఉందని తరువాత తెలిసింది. మేము దాన్ని ఎప్పుడూ చూడలేదు.

నిబంధనలు మరో అధ్యాయం. బృందంలో తొమ్మిది మందికి మించకూడదు, పడవలు నాలుగుకు మించకూడదు. రేకు డబ్బాల్లో సీలు వేసిన ఆహారం, గాజు సీసాలు తేకూడదు. మందులకు మినహాయింపు ఉంది. ఆవకాయ ఆ మినహాయింపు కిందికే వస్తుందని బావగారు గంట సేపు వాదించారు. చివరకు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చారు కానీ, అభిప్రాయం మార్చుకోలేదు. ఆ డబ్బాను రాత్రిళ్లు ఎలుగుబంటికి అందకుండా చెట్టుకొమ్మకు తాడుతో వేలాడదీయాలి. అంటే ఉట్టి. వెన్న కోసం కృష్ణుడికి భయపడి మనవాళ్లు కట్టిన ఉట్టి, ఇన్ని వేల మైళ్ల అవతల ఎలుగుబంటికి భయపడి ఆవకాయ కోసం కట్టాం.

మోసే విధానం గురించి చెప్పాలి. సామాను ఒక్క విడతలో దాటించేవారు ఉత్తములు. రెండు విడతల్లో దాటించేవారు మధ్యములు. మూడు విడతల్లో దాటించేవారు మా లాంటివారు. రెండు విడతలంటే వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లడం, మూడు నడకలు. మూడు విడతలంటే ఐదు నడకలు. మ్యాపులో 180 అని అచ్చువేసిన మోత మా కాళ్ల లెక్కలో 900. అంటే నాలుగున్నర కిలోమీటర్లు. బావగారు ఎంచిన దారిలో అలాంటి మోతలు నాలుగు. మ్యాపును బల్ల మీద కాకుండా మెట్ల మీద పరిచి చదివి ఉంటే బాగుండేది.

కెవ్లార్ పడవ తీసుకున్నాం. దాదాపు 19 కిలోలే. తుపాకీ గుండును ఆపే చొక్కాలు కుట్టేది ఈ గుడ్డతోనే. అయినా గులకరాయి తగిలితే గీత పడుతుందట. అందుకని ఒడ్డు రాకముందే మోకాలి లోతు చల్లని నీటిలో దిగి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలి. దాన్ని బోర్లించి భుజాన పెట్టుకున్నాక లోకం కుంచించుకుపోతుంది. ముందు రెండు గజాల దారి, తడిసిన బూట్లు, అంతే కనిపిస్తాయి. రెండు చేతులూ అంచులు పట్టుకుని ఉంటాయి. ఈ సంగతి దోమలకు మనకంటే ముందే తెలుసు. పందిరి వేసిన ఇంటికి చుట్టాలు వచ్చినట్టు పడవ కిందికి వచ్చి, మెడ వెనక బంతి భోజనానికి కూర్చుంటాయి. మొదటి బంతి లేవకముందే రెండో బంతివారు వెనక నిలబడి ఉంటారు.

ఈ బాధ కొత్తది కాదు. కెనడా సరిహద్దు వెంట పారే పీజన్ నది జలపాతాలను తప్పించడానికి ఎనిమిదిన్నర మైళ్ల గ్రాండ్ పోర్టేజ్ ఉంది. ఇక్కడి మూలవాసులైన ఓజిబ్వే ప్రజలు ఎన్నో తరాలుగా నడిచిన దారి అది. వారి భాషలో దాని పేరుకు గొప్ప మోతచోటు అని అర్థం. నా అనువాదాన్ని ఆక్షేపించేవారు గమనించాలి. 18వ శతాబ్దంలో తోళ్ల వ్యాపారం చేసే నార్త్ వెస్ట్ కంపెనీ కూలీలు ఒక్కొక్కరు 90 పౌండ్ల మూటలు రెండేసి వీపున వేసుకుని ఆ దారిన నడిచారు. నీటి మీద దూరాన్ని వాళ్లు పైపు తాగే విరామాలతో కొలిచేవారు. మన పల్లెల్లో చుట్ట కాల్చినంత సేపు అన్నట్టు. ఆ మూటల్లో ఉన్నది ముఖ్యంగా బీవర్ అనే నీటి జంతువు తోళ్లు, యూరప్ పెద్దమనుషుల టోపీల కోసం. టోపీ ఎవరికి పడిందో వేరే చెప్పనక్కరలేదు. 1842లో బ్రిటన్, అమెరికా సరిహద్దు ఒప్పందం రాసుకున్నప్పుడు, ఈ మోత దారులు రెండు దేశాల ప్రజలకూ తెరిచి ఉండాలని ప్రత్యేకంగా చేర్చారు. మోయడం కూడా ఒక హక్కే అని గుర్తించిన ఒప్పందం అది. ఆ కూలీలకు కూలి ఇచ్చారు. మేము ఎదురు చెల్లించాం.

ఇప్పుడు చేపల సంగతి. ఇక్కడి పులస వాలై. పేరు విని మన వాలుగకు దాయాది అనుకోవద్దు, సంబంధం లేదు. దాని కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది కాబట్టి మసక వెలుతురులో బాగా చూస్తుంది. పొద్దు వాలే వేళ, గాలికి అలలు కొట్టే రాతి మొనల దగ్గరకు మేతకు వస్తుంది. లేక్ ట్రౌట్‌కు చల్లని లోతు కావాలి, వేసవిలో అడుగుకు దిగిపోతుంది. నార్తర్న్ పైక్ నాచు చాటున రవాణా శాఖ తనిఖీ అధికారిలా కాపు కాస్తుంది. వాలైకి మంచి ఎర జలగ. మా ఊరి చెరువులో గేదెను కడగబోయి కాలికంటిన జలగను ఉప్పు చల్లి వదిలించుకున్నవాడిని నేను. అవే జలగలను డబ్బిచ్చి కొని, ఎండకు సొమ్మసిల్లకుండా పూటపూటా నీళ్లు మార్చి, 900 రాడ్లు చంకన పెట్టుకుని మోశాను. జన్మ సార్థకమైంది.

మంచి చోటు ఎక్కడ అని ఏ జాలరినీ అడగకూడదు. అడిగితే నీళ్లలో అంటాడు. పడవలు అద్దెకిచ్చే ఒక దుకాణంలో మాత్రం ఒక పెద్దమనిషి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మా మ్యాపులో ఒక రాతి మొన దగ్గర ఆకుపచ్చ కలంతో సున్నా చుట్టాడు. మీకు మాత్రమే చెబుతున్నాను అన్నాడు. రెండో రోజు సాయంత్రం ఆ మొన దగ్గరకు చేరేసరికి అప్పటికే రెండు పడవలు ఉన్నాయి. ఒకదానిలో వృద్ధ దంపతులు. ఆమె ఒడిలో మ్యాపు, మ్యాపులో ఆకుపచ్చ సున్నా. మా మేనల్లుడు ఆ సున్నాను చూశాడు, ఆమె మా సున్నాను చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆకాశం బాగుందని ఆయన అన్నారు. చాలా బాగుందని బావగారు అన్నారు. గంట సేపు మూడు పడవలూ ప్రకృతిని చూస్తున్నట్టు నటిస్తూ గాలాలు వేశాయి. నీటి కింద చేపలు కూడా ప్రకృతినే చూశాయి.

ఇక్కడ ఒక ప్రమాదకరమైన వాస్తవాన్ని బయటపెట్టక తప్పదు. మిన్నెసోటాలో పట్టిన వాలైలలో రికార్డు చేప 17 పౌండ్ల 8 ఔన్సులు. 1979లో, సగనగా సరస్సులో కలిసే సీగల్ నదిలో దొరికింది. ఆ చోటికి కారులో పోవచ్చు. మోత సున్నా రాడ్లు. ఈ సంగతి నలుగురికీ తెలిస్తే పడవ మోసేవాడు మిగలడు, పడవల పరిశ్రమ కుప్పకూలుతుంది, నడుము నొప్పి వైద్యులు రోడ్డున పడతారు. కాబట్టి చదివినవారు దీన్ని తమలోనే దాచుకోవాలని నా మనవి.

మాకూ ఒక చేప దొరికింది. తిరుగు ప్రయాణంలో, చివరి మోత దాటాక, కారు కనిపించే చోట. అటునుంచి మరో బృందం సామాను దింపుతుంటే దారి ఖాళీ అయ్యేదాకా నిలబడాల్సి వచ్చింది. ఊరికే ఉండలేక మేనల్లుడు ఆ పక్కనే నురగ తేలుతున్న నీటిలో మిగిలిన జలగను వేశాడు. ఆలోచిస్తే సంగతి తేలికే. చాలా మోతలు నీరు రాళ్ల మీద దూకే చోటును తప్పించడానికే పుట్టాయి. దూకిన నీటి కిందే మేత కొట్టుకొస్తుంది, వాలై కాచుకుని ఉంటుంది. సరిగ్గా అక్కడే మనుషులంతా గాలాలు చుట్టేసి, పడవ నెత్తికెత్తుకుని, చేపల కోసం దూరంగా నడిచిపోతారు.

ఇంటికి వచ్చాక బావగారు ఆ చేపను చింతపండు పులుసు పెట్టించి పదిమందిని పిలిచారు. ఎక్కడ పట్టారు అని అడిగితే, 180 రాడ్లు మోశాక అన్నారు. అబద్ధం కాదు.

మొన్న జనవరిలో మళ్లీ ఫోను చేశారు. ఈసారి 320 రాడ్ల మోత ఒకటి ఎంచారట, సరిగ్గా మైలు. "అక్కడ చేపలు ఉన్నాయంటారా బావగారూ?" అని అడిగాను.

"అంత దూరం మోయిస్తున్నారంటే లేకుండా ఎలా ఉంటాయోయ్?" అన్నారు.