నోరు మూయించే సెటిల్మెంట్లు ఇంకొకరి ప్రాణం తీస్తాయి

ఒక వస్తువు వల్ల ఎవరికో దెబ్బ తగులుతుంది, కేసు వేస్తారు, కొన్నాళ్లకి కంపెనీ ఎంతో కొంత ఇచ్చి సెటిల్ చేసుకుంటుంది, మనం కూడా పోన్లే ఏదో న్యాయం జరిగింది కదా అనుకుని వదిలేస్తాం. కానీ ఆ సెటిల్మెంట్ కాగితాల్లో చాలాసార్లు ఒక షరతు ఉంటుంది. డబ్బు తీసుకున్నాక ఈ విషయం బయట ఎక్కడా మాట్లాడకూడదు, కేసులో బయటపడ్డ కాగితాలు ఎవరికీ చూపించకూడదు అని. నష్టపరిహారం తక్కువ వచ్చిందా ఎక్కువ వచ్చిందా అని ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, నన్ను అడిగితే అసలు దారుణం ఈ షరతులోనే ఉంది, వస్తువులో లోపం ఉన్నంత వరకు దీన్ని చట్టం ఒప్పుకోనే కూడదు.

అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ (తాళంచెవి పెట్టి తిప్పి బండి స్టార్ట్ చేసే స్విచ్) సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. తాళంచెవుల గుత్తి బరువుకో, మోకాలు తగిలో స్విచ్ జారిపోయేది, నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగిపోయేది, స్టీరింగ్ బరువెక్కిపోయేది, అన్నిటికన్నా ఘోరం ఏంటంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 2010లో అమెరికాలోని జార్జియాలో ఒక యువ నర్సు ఇలాగే చనిపోతే, తడి రోడ్డు మీద స్పీడుగా వెళ్లిందని పోలీసులు రాసేశారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆమె బండి దానంతటదే ఆగిపోతోందని డీలర్ దగ్గరికి తీసుకెళ్లింది కూడా.

తల్లిదండ్రులు ఊరుకోలేదు, కేసు వేశారు. వాళ్ల తరఫు ఇంజినీర్ ఆ కారులోని స్విచ్‌ని, కొత్తగా కొన్న ఇంకో స్విచ్‌ని పక్కపక్కన పెట్టి విప్పి చూస్తే లోపల స్ప్రింగు, పిన్నూ వేరేగా ఉన్నాయి. కొత్తదాంట్లో పిన్ను కొంచెం పొడుగు, అందుకే గట్టిగా నిలబడుతోంది. అంటే కంపెనీలో ఎవరో లోపం సరిదిద్దారు, కానీ పార్ట్ నంబర్ మాత్రం మార్చలేదు! ఆ మార్పుకి 2006లోనే సంతకం పడింది. నంబర్ మారి ఉంటే బయటివాళ్లకి వెంటనే అనుమానం వచ్చేది, పాత బండ్లలో ఏముందో అడిగేవాళ్లు. రీకాల్, అంటే లోపమున్న బండ్లని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం, మొదలైంది మాత్రం 2014లో, అదీ చివరికి 26 లక్షల బండ్ల దాకా వెళ్లింది. కంపెనీ పెట్టిన నష్టపరిహార నిధి లెక్క ప్రకారం పోయిన ప్రాణాలు 124.

మధ్యలో ఏం జరిగింది? కేసులు వచ్చాయి, గుట్టుగా సెటిల్ అయ్యాయి. ఒక కుటుంబానికి తెలిసింది ఇంకో కుటుంబానికి తెలియలేదు, ప్రతి వాళ్లూ తమ పిల్లే డ్రైవింగ్‌లో ఏదో పొరపాటు చేసిందేమో అనుకుంటూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నారు. ఆ నర్సు కుటుంబం పట్టు వదలకుండా కేసు నడపకపోతే, ఆ ఇంజినీర్ స్విచ్ విప్పకపోతే ఇంకెన్నాళ్లు పట్టేదో.

రహస్యం లేకపోతే కంపెనీలు సెటిల్మెంట్‌కే రావు, బాధితులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది అని కొందరంటారు. ఆసుపత్రి బిల్లులు నెత్తి మీదున్నవాళ్లకి అది చిన్న భయం కాదు, ఒప్పుకుంటాను. ఎంత డబ్బిచ్చారో దాచుకోండి, బాధితుడి ఆరోగ్య వివరాలు దాచండి, వస్తువులో లోపాన్ని మాత్రం దాచకూడదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1990 నుంచే ప్రజలకి ప్రమాదం కలిగించే విషయాన్ని దాచే ఒప్పందం చెల్లదని చట్టం ఉంది, అక్కడ సెటిల్మెంట్లేమీ ఆగిపోలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నాకు ఎప్పట్నుంచో మనసులో ఉన్నదే. ప్రమాదం అనగానే మనం తలరాత అనేస్తాం, లేదా వాడే సరిగ్గా చూసుకోలేదు అనేస్తాం. పిల్లాడి వేలు నలిగితే తల్లిని తిడతాం, ఆ మడత కుర్చీలో వేలు ఇరుక్కునే సందు ఎందుకుందని అడగం. ఆ నర్సు విషయంలో పోలీసులు చేసిందీ ఇదే. తలరాత అనుకున్న చోట ఎవరూ విప్పి చూడరు, దాచేవాళ్లకి కావాల్సింది కూడా అదే. చట్టాలు మారడం ఎంత అవసరమో ఈ అలవాటు మారడమూ అంతే అవసరం అని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఎవరికైనా ఇలాంటిది జరిగితే ముందు ఆ విరిగిన వస్తువుని కంపెనీకి తిరిగి ఇవ్వకండి, కొత్తది ఫ్రీగా ఇస్తామన్నా సరే, సాక్ష్యం అదే. బాగుచేయకండి, కడగకండి, ఫొటోలు తీసి బిల్లుతో పాటు దాచిపెట్టండి. సంతకం పెట్టకముందే ప్రభుత్వ భద్రతా సంస్థకి ఫిర్యాదు రాసేయండి. సెటిల్మెంట్ కాగితం ముందుకొచ్చినప్పుడు లోపం గురించి మాట్లాడొద్దన్న లైను కొట్టేయమని లాయర్‌ని అడగండి, కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పమనండి.